పది గంటలకు ఆగిపోయే సర్వర్

చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్తే ముందు చలి, ఆ వెంటనే ఫ్యాన్ల హోరు. విజయవాడ ఎండలోంచి వచ్చిన ఒళ్లు జిల్లుమంది. విద్యార్థుల దరఖాస్తులు తీసుకునే ఓ సంస్థ సర్వర్ గది అది. మూడు రోజులుగా పొద్దున పది దాటగానే సైటు ఆగిపోతోందని తెలిసి, తొమ్మిదికే వెళ్లి కూర్చున్నాను.

సీపీయూ తీరిగ్గా ఉంది. మెమరీ సగానికి పైగా ఖాళీ. లాగ్‌లో మాత్రం నిన్నటి నుంచీ ఒకటే మాట: "టూ మెనీ ఓపెన్ ఫైల్స్". దరఖాస్తులు తీసుకునే సైటుకి అన్ని ఫైళ్లెందుకని సర్వర్ చూసుకునే మేడమ్‌ని అడిగాను. యూనిక్స్ లెక్కలో నెట్‌వర్క్ కనెక్షన్ కూడా తెరిచిన ఫైలేనట. అవతల దరఖాస్తు నింపుతున్న ప్రతి విద్యార్థీ ఇక్కడ ఒక ఫైలు!

"లిమిట్స్ డాట్ కాన్ఫ్‌లో ఫైళ్ల హద్దు 65,535 పెట్టాను మేడమ్. యూలిమిట్ కొడితే అదే చూపిస్తోంది" అన్నాడు కొత్తగా చేరిన కుర్రాడు.

"అది నీ టెర్మినల్‌ది నాన్నా. సైటు నడిపే ప్రోగ్రామ్‌ది ఎంతో చూశావా?"

ప్రోక్ డైరెక్టరీలో ఆ ప్రోగ్రామ్ నంబరు కింద లిమిట్స్ ఫైలు తెరిపించారు. 1024. కుర్రాడు రాసిన ఫైలును చదివేది పామ్, అదీ ఎవరైనా లాగిన్ అయినప్పుడు. ఈ ప్రోగ్రామ్‌ని లేపేది సిస్టమ్‌డీ. అక్కడ లాగిన్ ఊసే లేదు. సర్వీసు ఫైల్లో లిమిట్‌నోఫైల్ అని రాసి, డీమన్ రీలోడ్ కొట్టి, సర్వీసు మళ్లీ మొదలుపెట్టాకే 65,535 కనబడింది. మార్చే ముందు పాత అంకెను మేడమ్ నోటుబుక్కులో రాసుకున్నారు. ఆ అలవాటు నాకు ఎంతో నచ్చింది.

పది దాటింది. ఈసారి కొత్త గోల: "కెనాట్ అసైన్ రిక్వెస్టెడ్ అడ్రస్". డేటాబేస్‌ని ప్రతి ప్రశ్నకూ కొత్తగా పిలిచి మూసేస్తోంది ప్రోగ్రామ్. బయటికి వెళ్లడానికి లినక్స్ మామూలుగా ఇచ్చే పోర్టులు 32,768 నుంచి 60,999 వరకే. మూసిన పోర్టు టైమ్ వెయిట్‌లో అరవై సెకన్లుంటుంది. అంటే ఒకే డేటాబేస్‌కి సెకనుకు 470 కనెక్షన్లు మించితే తలుపులన్నీ మూసుకున్నట్టే. ఆ పూటకి పోర్టుల హద్దు పెంచి, కనెక్షన్లను దాచుకుని మళ్లీ వాడుకునేలా మార్చమని డెవలపర్‌కి ఫోన్ చేశారు.

కుర్రాడు పాత నోట్సులోంచి, టైమ్ వెయిట్ పోర్టులను త్వరగా వదిలించే టీడబ్ల్యూ రీసైకిల్ వరుస కూడా దించుకున్నాడు. అది చూసి ఆవిడకి నిజంగానే కోపం వచ్చింది. "దీన్ని 2017లో, 4.12 కెర్నెల్‌తోనే తీసేశారు. పాత మెషీన్‌లో ఎవరైనా ఇది పెడితే? ఒకే రూటర్ వెనక హాస్టలంతా ఉంటుంది, కొందరి కనెక్షన్లు చప్పుడు లేకుండా పడిపోతాయి. ఆ పిల్లలు ఎవరికి చెప్పుకుంటారు?"

వరుస చెరిపేశాడు. తెరపై తెరిచిన ఫైళ్ల లెక్క మూడు వేలు దాటింది, సైటు నడుస్తూనే ఉంది. మేడమ్ మాత్రం కుర్చీ వదల్లేదు. రద్దీ తగ్గాక ఆ అంకె కిందికి దిగుతుందో లేదో చూడాలట.