ఫోన్ చేయని పాపానికి

పొద్దున్నే ఒక కాలేజీ తెలుగు లెక్చరర్ గారు ఫోన్ చేశారు.

"మీ మెయిల్ ఇప్పుడే చూశానండీ. న్యాక్ తనిఖీ ఫైళ్ల హడావుడిలో ఎక్కడో కిందికెళ్లిపోయింది. ఆగస్టు 29 ఉపన్యాసానికి వేరే ఆయన్ని పిలిచేశాం. ఆయన రెండుసార్లు ఫోన్ చేశారు మరి."

ఆ రోజు గిడుగు రామమూర్తి గారి పుట్టినరోజు. తెలుగు భాషా దినోత్సవం. బ్యాండు మేళం వాళ్లకి పెళ్లిళ్ల సీజను ఎలాగో, మాలాంటి ఉపన్యాసకులకి ఈ నెల అలాగ.

నేనేమో జవాబు రాలేదని నెల రోజులుగా ముఖం మాడ్చుకుని తిరుగుతున్నా.
నచ్చలేదేమో, ఎక్కువ అడిగానేమో అని.
అడిగిందెంత? మూడు వేలూ, బస్సు చార్జీలూ!
రెండుసార్లు నంబరు దాకా వెళ్లి, మరీ అడుక్కున్నట్టు ఉంటుందని ఫోన్ పక్కన పెట్టేశా.

వేదికెక్కితే గంటసేపు మైకు వదలని మనిషిని. "నా మెయిల్ చూశారాండీ" అన్న మూడు ముక్కలు మాత్రం నోట రాలేదు.

మధ్యాహ్నం కూర్చుని లెక్కపెడితే, జవాబు రాని మెయిళ్లు పదకొండు. సెప్టెంబరు 21న గురజాడ జయంతి ఉంది కదా! పాత మెయిలే మళ్లీ తోసెయ్యకుండా, "గిడుగు, గురజాడల స్నేహం గురించి నలభై నిమిషాలు, పిల్లల ప్రశ్నలకి ఇరవై. గురువారం ఫోన్ చేస్తాను" అని అందరికీ వాట్సాప్ పెట్టా.

ఒకాయన "చూద్దాం" అన్నారు.
ఒకావిడ బొటనవేలు బొమ్మ పెట్టారు.

మీలో ప్రిన్సిపాళ్లెవరైనా ఉంటే, ఆ బొటనవేలికి అర్థమేంటో గురువారంలోగా చెప్పండి బాబూ.