అందని కబురు

గత జనవరిలో మా ఇంట్లో ఒక చిన్న యంత్రం చెడిపోయింది. దానిని మార్చడానికి ముప్పావు గంట పట్టింది. అది చెడిపోయిందని గ్రహించడానికి మాత్రం నాకు పదకొండు రోజులు పట్టింది. ఆ పదకొండు రోజుల నడుమ నేను నా కన్నతల్లిని ఒక మాట అన్నాను. ఇప్పుడు ఇదంతా రాయడానికి కారణం ఆ మాటే.

మాది గుంటూరు. ఉద్యోగరీత్యా పద్నాలుగేళ్లుగా ఇంగ్లండులోని లీసెస్టర్ నగరంలో ఉంటున్నాం. అబ్బా కాలం చేసిన తరువాత ఒంటరిగా ఉన్న అమ్మీని బతిమాలి, ఆ శీతకాలానికి మా దగ్గరికి తీసుకువచ్చాను. జీవితమంతా గుంటూరు ఎండలు భరించిన మనిషి ఆమె. సాయంత్రం నాలుగు గంటలకే చీకటి పడే ఆ చలిదేశం ఆమెకు పూర్తిగా కొత్త.

అక్కడి ఇళ్లలో చాలావాటికి బాయిలరే ఆధారం. వంటగది గోడకు బిగించిన ఆ పెట్టె గ్యాస్ మంటతో నీటిని కాస్తుంది. ఆ వేడినీరు గొట్టాల గుండా ప్రతి గదిలోని రేడియేటర్‌లోకి ప్రవహించి, గదిని వెచ్చబరచి, చల్లారి వెనక్కి వస్తుంది. అయితే ఎప్పుడు మండాలో, ఎప్పుడు ఆగాలో చెప్పేది థర్మోస్టాట్. మా ఇంట్లో ఉన్నది తీగ అవసరం లేని వైర్‌లెస్ రకం. దానికి రెండు భాగాలు. అరచేతిలో ఇమిడే మొదటి భాగం రెండు పెన్సిల్ బ్యాటరీలతో పనిచేస్తూ హాలులో బల్ల మీద ఉండేది. రెండవ భాగమైన రిసీవర్ బాయిలర్ పక్కన గోడకు ఉండేది. గది చల్లబడగానే మొదటిది రేడియో సంకేతంతో కబురు పంపుతుంది. రెండవది ఆ కబురు అందుకుని బాయిలర్‌ను వెలిగిస్తుంది.

జనవరి మొదటి వారంలో ఒక వేకువన ఫజ్ర్ నమాజుకు లేచేసరికి ఇల్లు మంచుగడ్డలా ఉంది. తెర మీద చూస్తే గది ఉష్ణోగ్రత 13 డిగ్రీలు. నేను పెట్టిన అంకె మాత్రం అలాగే ఉంది, 19. వుజూ కోసం కొళాయి తిప్పితే వేడినీళ్లు యథావిధిగా వచ్చాయి. పగలు ఇల్లు కాసేపు వెచ్చబడింది. మరునాటి వేకువన మళ్లీ అదే చలి.

ఇక్కడే నా తెలివి నన్ను తప్పుదారి పట్టించింది. వేడినీళ్లు వస్తున్నాయి గనుక బాయిలర్ బాగుంది. బాయిలర్ బాగుంటే రాత్రిపూట ఎవరో ఆపుతున్నారు. మా ఇంట్లో ఖాళీ గదిలో ఫ్యాను తిరగనివ్వని మనిషి ఒక్కరే. రెండు రోజుల క్రితమే గ్యాస్ బిల్లు ఎంతని అడిగి, పౌండ్లను రూపాయల్లోకి మార్చి చెబితే గుండె మీద చెయ్యి వేసుకున్నదీ ఆమే. రాత్రి ఆపేసి, తెల్లవారుజామున మళ్లీ 19కి తెస్తోందని నాకు నేనే ఒక కథ అల్లుకున్నాను. ఒక్కసారైనా ఆమెను అడగలేదు.

"అమ్మీ, డబ్బు ఆదా చేయడానికి నిన్ను ఇక్కడికి తీసుకురాలేదు. ఇంట్లో చిన్నపిల్ల ఉంది. దయచేసి ఆ పెట్టె జోలికి వెళ్లకు" అన్నాను. గొంతు పెంచలేదు. కానీ 'దయచేసి' అనే మాటను ఎంత కఠినంగా పలకవచ్చో ఆ రోజు నాకు తెలిసింది.

ఆమె నా వైపు ఒక్క క్షణం చూసి, "సరే బేటా" అంది. ఆనాటి నుంచి ఆ బల్ల దరిదాపులకు పోలేదు. రెండు స్వెట్టర్లు, పైన శాలువా, కాళ్లకు మేజోళ్లు వేసుకుని మౌనంగా తస్బీహ్ తిప్పుకుంటూ కూర్చునేది. ఆమె ముట్టకపోయినా ఇల్లు మాత్రం చల్లబడుతూనే ఉంది. అప్పుడైనా నా కథలో పొరపాటు ఉందని నాకు తట్టి ఉండవలసింది.

పదకొండవ రోజు రాత్రి తొమ్మిదేళ్ల మా అమ్మాయి చెప్పింది. "అబ్బా, దాదీ ఎప్పుడూ ఆపలేదు. నాకు చలేస్తోందని 21కి పెంచేది. అయినా వేడి రాలేదు. పొద్దున్నే మళ్లీ నువ్వు పెట్టిన అంకెకు తెచ్చేది, నువ్వు కోప్పడతావని."

నేను లేచి హాలులోకి వెళ్లాను. గది 14 డిగ్రీలు ఉంది. తెర మీద చిన్న మంట గుర్తు వెలుగుతోంది. అంటే థర్మోస్టాట్ వేడి అడుగుతోందన్నమాట. వంటగదిలోకి వెళ్లి చూస్తే రిసీవర్ దీపం ఆరిపోయి ఉంది. ఇక్కడ ఒకటి అడుగుతూనే ఉంది, అక్కడ రెండవదానికి వినిపించడం లేదు. వేడినీళ్లు రావడంలో వింతేమీ లేదని కూడా అప్పుడే గుర్తొచ్చింది. మా రకం బాయిలర్ కొళాయి తిప్పగానే నీటిని కాస్తుంది, దానికి థర్మోస్టాట్ అనుమతి అక్కరలేదు.

ఆ రాత్రే ఒక్కొక్కటిగా పరీక్షించాను. మొదట రిసీవర్ మీద చేత్తో వెలిగించే మీట నొక్కాను. బాయిలర్ వెంటనే మండింది, పది నిమిషాల్లో రేడియేటర్లు వేడెక్కాయి. కనుక బాయిలర్‌లో, గ్యాస్‌లో, నీటి పంపులో లోపం లేదు. తరువాత కొత్త బ్యాటరీలు వేశాను, మార్పు లేదు. గోడలు గాని ఫ్రిజ్ వంటి లోహపు వస్తువులు గాని సంకేతానికి అడ్డుపడుతున్నాయేమోనని థర్మోస్టాట్‌ను రిసీవర్‌కు రెండడుగుల దూరానికి తెచ్చాను, అయినా దీపం వెలగలేదు. చివరికి సూచనల పుస్తకం చూసి రెండింటినీ మళ్లీ జతపరిచాను. దీపం వెలిగింది. తెల్లవారేసరికి మళ్లీ ఆరిపోయింది. సంకేతం కొంతసేపు అందకపోతే భద్రత కోసం బాయిలర్‌ను ఆపివేసేలా ఆ రిసీవర్‌ను తయారు చేశారు. అది తన ధర్మం సరిగానే నిర్వర్తించింది. లోపమల్లా సంకేతం పంపే భాగంలోనే.

వెలుపలి మూత వరకే నా పని. రిసీవర్‌లో 230 వోల్టుల కరెంటు ఉంటుంది. గ్యాస్ పని చేసే ఇంజినీరు గ్యాస్ సేఫ్ రిజిస్టర్‌లో నమోదై ఉండాలని బ్రిటన్ చట్టం. అలాంటి ఒకరిని పిలిచాను. ఒక కంపెనీ థర్మోస్టాట్ మాట మరో కంపెనీ రిసీవర్‌కు సాధారణంగా అర్థం కాదు కనుక రెండూ కలిపి మార్చాలని ఆయన చెప్పారు. కొన్ని బాయిలర్లకు థర్మోస్టాట్ తీగలో కరెంటు ఉండాలి, కొన్నింటికి ఉండకూడదు. అది గమనించకుండా కలిపితే బాయిలర్ లోపలి సర్క్యూట్ బోర్డు కాలిపోవచ్చు. ఆయన ముందు కరెంటు ఆపి, ఆగిందని మీటరుతో నిర్ధారించుకుని, పాత తీగల అమరికను ఫొటో తీసుకుని, ఆ తరువాతే పని మొదలుపెట్టారు.

ఈ పరికరం పుట్టుక గురించి ఆ మరునాడు చదివాను. అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో వారెన్ జాన్సన్ అనే అధ్యాపకుడు ఉండేవాడు. గది చలిగా ఉందో వేడిగా ఉందో చూడటానికి పనివాడు మాటిమాటికీ తరగతిలోకి వచ్చి పాఠానికి అంతరాయం కలిగించేవాడు. గది చల్లబడితే కింద కొలిమి గదిలో గంట మోగే విద్యుత్ పరికరాన్ని జాన్సన్ రూపొందించి, 1883లో పేటెంటు పొందాడు. అప్పుడైనా ఇప్పుడైనా దాని పని ఒక్కటే, చలిలో ఉన్నవారి సంగతి మంట దగ్గర ఉన్నవారికి చేరవేయడం.

ఇంజినీరు వెళ్లిపోయాక అమ్మీ పక్కన కూర్చున్నాను. "తప్పు నాది అమ్మీ. నిన్ను అడగకుండానే నిందించాను" అన్నాను.

ఆమె నా తల నిమిరింది. "చెబుదామనే అనుకున్నా బేటా. నేనే నొక్కి నొక్కి పాడు చేశానేమోనని భయమేసింది. ఎంత ఖరీదో ఏమో. నీకు భారమవుతానని ఊరుకున్నా."

భర్తను పోగొట్టుకుని, అలవాటైన ఊరు వదిలి, కొడుకు ఇంట్లో ఒక మీట నొక్కడానికి భయపడిన తల్లి ఆమె. ఆమె కబురు నాకు అందకపోవడానికి ఏ యంత్రమూ కారణం కాదు. దురనుమానం తగదని చిన్ననాటి నుంచి వింటూ పెరిగినవాణ్ణి. విన్నది అవసరమైన వేళ గుర్తుకు రాలేదు.

కొత్త థర్మోస్టాట్‌ను హాలులో పెట్టలేదు. కిటికీకి, రేడియేటర్‌కు దూరంగా అమ్మీ గదిలోనే లోపలి గోడకు బిగించాం. ఆ గది రేడియేటర్ వాల్వును పూర్తిగా తెరిచి ఉంచి, మిగతా గదుల వాల్వులను కొంత తగ్గించాం. చలిదేశాల్లో ఇంటి లోపల కనీసం 18 డిగ్రీలు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో సూచించింది, వృద్ధులకు అంతకంటే ఎక్కువ అవసరం కావచ్చునంది. ఆ గది వెచ్చగా ఉంటే ఇల్లంతా వెచ్చగా ఉన్నట్టే.

విదేశాల్లో ఉంటూ అమ్మానాన్నలను పిలిపించుకునే సోదరులకు, సోదరీమణులకు ఒక్క మనవి. వారు రాగానే ఇంటిలోని మీటలన్నీ చూపించండి. నొక్కితే ఏదీ పాడైపోదని, పాడైనా ఫరవాలేదని నోరు తెరిచి చెప్పండి. ఏదైనా తేడా కనిపిస్తే ముందు వారినే అడగండి.

మార్చి చివర్లో అమ్మీ గుంటూరు తిరిగి వెళ్లింది. ఇప్పుడు అక్కడ ఎండలు మండిపోతున్నాయి. ఫోన్ చేసినప్పుడల్లా మా క్షేమం అడిగాక ఆమె తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది. "బేటా, నా గదిలో పెట్టె పనిచేస్తోందా?"

వేసవి కదా, దాన్ని ఆపి ఉంచాం. అయినా ఫోన్ పట్టుకుని ఆ గదిలోకి వెళ్లి, తెర మీది అంకె చూసి చెబుతాను.