సమాధానం అనే మాట వెంట నర్సీపట్నం దాకా

విశాఖపట్నం నుంచి నర్సీపట్నం వెళ్లే దారి అనకాపల్లి దాటి, తాళ్లపాలెం దగ్గర జాతీయ రహదారిని వదిలి కుడికి తిరుగుతుంది. అక్కణ్ణుంచి మాకవరపాలెం మీదుగా చెరకు, జీడిమామిడి తోటల మధ్య సాగుతుంటే ఊరి చివర చిన్న చిన్న ప్రార్థనా మందిరాలు ఎదురవుతాయి. తెలుగు క్రైస్తవుల నోట తరచు వినిపించే ఒక మాట ఈ దారి పొడుగునా నా ఆలోచనల్లో నలుగుతూ వచ్చింది. ఆ మాట ‘సమాధానం’. మిగతా తెలుగువాళ్లకు సమాధానమంటే ప్రశ్నకు చెప్పే జవాబు. క్రైస్తవులకు అదే మాట మనశ్శాంతి, దేవునితో సఖ్యత. ఇది అనువాదకుల తడబాటని, ‘శాంతి’ అంటే సరిపోయేదని అనేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. దేవునితో శాంతి అంటే బైబిలు దృష్టిలో ఏమిటో ఈ ఒక్క మాట చెప్పినంత బాగా ఇంకే మాటా చెప్పలేదని నా నమ్మకం.

బైబిలును తెలుగు చేసే పనుల్లో ఒకటి ఈ దారి మొదట్లో ఉన్న విశాఖలోనే మొదలైంది. 1805లో లండన్ మిషనరీ సొసైటీ తరఫున జార్జ్ క్రాన్, అగస్టస్ డెగ్రాంజెస్ అక్కడ దిగారు. తెలుగు నేర్చుకుని, ఆనందరాయర్ అనే బ్రాహ్మణ క్రైస్తవుడి సాయంతో సువార్తలను తెలుగు చెయ్యడానికి పూనుకున్నారు. క్రాన్ 1809లో, డెగ్రాంజెస్ 1810లో పోయారు. మత్తయి, మార్కు, లూకా సువార్తలు శ్రీరాంపూర్‌లో అచ్చయింది 1812లో. తమ చేతి పని అచ్చులో చూసుకునే భాగ్యం ఆ ఇద్దరికీ దక్కలేదు. 1818లో అదే సొసైటీకి చెందిన ప్రిచెట్ తెలుగు చేసిన కొత్త నిబంధన మద్రాసులో అచ్చయింది. ఆ తర్వాత ఎన్నో చేతులు మారి, ఎన్నో దిద్దుబాట్లు జరిగి, ఈనాడు సంఘాల్లో చదువుకునే పాఠం స్థిరపడింది. ఆ పాఠంలో శాంతి అన్న మాట లేకపోలేదు. యోహాను సువార్త పద్నాలుగో అధ్యాయంలో యేసు శిష్యులకు ఇచ్చి వెళ్లేది శాంతే. కీర్తనల్లో హాయిగా నిద్రపోయేవాడికి ఉన్నది నెమ్మది. కానీ రోమా పత్రిక ఐదో అధ్యాయంలో దేవునికీ మనిషికీ మధ్య సంగతి వచ్చేసరికి మాట సమాధానం అయింది. విరోధులు మళ్లీ కలవడాన్ని చెప్పడానికి గ్రీకులో వేరే పదం ఉంది. తెలుగులో దానికీ ‘సమాధానపడటం’ అనే వాడారు. గ్రీకులో రెండుగా ఉన్నవి తెలుగులో ఒక్క మాటలో ఒదిగిపోయాయి. దీన్ని లోటు అనుకోనక్కర్లేదు. కలహం తీరకుండా వచ్చే ప్రశాంతత నిలవదన్నది ఆ పత్రిక రాసిన పౌలు వాదన. తెలుగు మాట ఆ వాదనను తనలోనే మోస్తోంది.

దీనికి బలమైన ఆక్షేపణ అనకాపల్లి పక్కనే శంకరంలో, రాతిలో తొలిచి ఉంది. బొజ్జన్నకొండ గుహల్లో కూర్చున్న బుద్ధుడి ముఖాన ఉన్నంత శాంతం మనుషులు చెక్కిన శిల్పాల్లో అరుదు. ఆ శిల్పం అడిగే ప్రశ్న సూటిగా ఉంటుంది. కోరికను చల్లార్చుకుంటే మనసు దానంతట అదే కుదుటపడుతుంది కదా, దేవుడితో తగువేమిటి, రాజీ ఏమిటి? ఈ మాటను తేలిగ్గా తోసెయ్యలేం. మన అలజడిలో చాలా భాగం కోరిక వల్ల వచ్చేదే, దానికి ఆ మందు పనిచేస్తుంది కూడా. అయితే అలజడి అంతా కోరిక కాదు. చేసిన తప్పు ఒకటి ఉంటుంది. ఒకరి పొలం గట్టు జరిపినవాడు, తల్లిని చివరి రోజుల్లో వదిలేసినవాడు కళ్లు మూసుకుని ఊపిరి నిమ్మళం చేసుకోగలడేమో గానీ, గట్టు జరిగే ఉంటుంది, తల్లి తిరిగి రాదు. ఆ బరువు మనసులోని కల్లోలం కాదు, బాకీ. బాకీని ధ్యానంతో తీర్చలేం. ‘సమాధానం చెప్పుకోవాలి’ అని మనం వాడుకలో అనేది అందుకే. ఆదికాండంలో ఆదాము చెట్ల చాటున దాక్కున్నప్పుడు దేవుడు వేసిన మొదటి ప్రశ్న అతను ఎక్కడున్నాడని. మనిషి చెప్పుకోవలసిన జవాబు అక్కడే బాకీ పడింది.

నర్సీపట్నం కొండకూ మైదానానికీ మధ్యనున్న వాకిలి. ఏజెన్సీ నుంచి పసుపు, చింతపండు, పిప్పళ్లు దిగుతాయి, ఇటు నుంచి ఉప్పు, బట్టలు ఎక్కుతాయి. ఇచ్చిపుచ్చుకోవడాలున్న చోట తగువులుంటాయి, తగువులున్న చోట పెద్దమనుషులుంటారు. యోబు గ్రంథం తొమ్మిదో అధ్యాయం ఇలాంటి ఊళ్లో చదివితే కొత్తగా తోస్తుంది. దేవుడి మీదా తన మీదా చెయ్యి వేసి సర్దగలిగే మధ్యవర్తి లేడే అని యోబు వాపోతాడు. అతను కోరుకున్నది ఊరటను కాదు, పెద్దమనిషిని. కొత్త నిబంధన క్రీస్తును చూపేది ఆ స్థానంలోనే, మన బాకీని ఆయన సిలువ మీద తీర్చాడని. ఒకరు చేసిన తప్పుకు ఇంకొకరు శిక్ష భరించడం ఏం న్యాయం అని ఇక్కడ అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే. కానీ అప్పు మాఫీ చేసినప్పుడు ఆ సొమ్ము ఎక్కడికీ పోదు, ఇచ్చినవాడి మీదే పడుతుంది. క్షమాపణ ఏదైనా అంతే. నష్టం క్షమించినవాడు భరిస్తాడు. సిలువ మీద ఉన్నది సంబంధం లేని మూడోమనిషి అయితే అది అన్యాయమే. అప్పిచ్చినవాడే వచ్చి నష్టాన్ని తన ఒంటి మీద వేసుకున్నాడన్నది క్రైస్తవ విశ్వాసం. ఆ విశ్వాసాన్ని ఒప్పుకోనివాళ్లు ఉండవచ్చు, కానీ అందులో న్యాయం తప్పిందని మాత్రం అనలేరు.

ఇదంతా ఓడల్లో దిగుమతైన మతమేగా అన్న మాట గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. పుస్తకం ఓడలో వచ్చింది, నిజమే. కెనడియన్ బాప్టిస్టు మిషన్‌కు నర్సీపట్నం కూడా ఒకప్పుడు ఒక కేంద్రమే. అయితే 1874లో జాన్ మెక్లారిన్ కాకినాడలో అడుగుపెట్టేనాటికే తెలుగువాడైన థామస్ గాబ్రియేలు అక్కడ పని మొదలుపెట్టి ఉన్నాడు. పర్లాకిమిడి ప్రాంతపు పురుషోత్తమ చౌధరి (1803–1890) రాసిన కీర్తనలు మన రాగతాళాల్లోనే నడుస్తాయి. పైగా సమాధానం అన్న మాటను ఎవరూ ఓడలో తేలేదు. అది ముందునుంచీ ఇక్కడిదే. చెదిరినవాటిని ఒకచోట చేర్చి ఉంచడం అని దాని అసలు అర్థం.

ఇంతకంటే గట్టి ఆక్షేపణ నర్సీపట్నం దాటాక కృష్ణదేవిపేటలో ఉంది. అల్లూరి సీతారామరాజు సమాధి అక్కడే. 1882 అటవీ చట్టం పోడును నిషేధించింది. నర్సీపట్నం నుంచి కొండ మీదికి వేసిన రోడ్డు పనిలో గిరిజనుల చేత సరైన కూలి ఇవ్వకుండా వెట్టి చేయించారు. ఆ కడుపుమంటే సీతారామరాజు నాయకత్వంలో 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషను మీద దాడిగా మారింది. 1924 మే 7న రాజును కాల్చి చంపారు. కాల్పించిన బ్రిటిష్ ప్రభుత్వమూ బైబిలు తెచ్చిన మిషనరీలూ ఒకే మతం వాళ్లు. మరి కూలి ఎగ్గొట్టిన చోట సమాధానం బోధిస్తే అది మత్తుమందు కాక ఏమవుతుంది? దీనికి జవాబు మిషనరీల మంచితనంలో వెతకడం తప్పు, ఆ పుస్తకంలోనే వెతకాలి. గాయాన్ని పైపైన మాన్పి, లేని సమాధానాన్ని ఉందని చెప్పేవాళ్లను యిర్మీయా ఆరో అధ్యాయంలో దుయ్యబడతాడు. ఎనభై ఐదో కీర్తనలో నీతీ సమాధానమూ కలిసే వస్తాయి. యేసు ఇంటికొచ్చిన రోజున సుంకరి జక్కయ్య చేసింది ప్రార్థన కాదు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగి ఇస్తాననడం. మత్తయి ఐదో అధ్యాయమైతే బలిపీఠం దగ్గర కానుక వదిలేసి, ముందు సహోదరుడితో సమాధానపడి రమ్మంటుంది. అక్కడా అదే మాట. దేవునితో సమాధానమని చెప్పుకుంటూ పక్క కులంవాడితో బల్ల పంచుకోని సంఘాలు తెలుగునాట నేటికీ ఉన్నాయి. నాకు మనసు కలుక్కుమనేది అక్కడే. ఎఫెసీ పత్రిక పడిపోయిందన్న అడ్డుగోడను వాళ్లు తమ చేతులతో మళ్లీ కట్టుకుంటున్నారు.

సమాధి, సమాధానం ఒకే ధాతువు నుంచి పుట్టిన మాటలు. కృష్ణదేవిపేటలో ఆ సమాధి ముందు నిలబడితే యాకోబు పత్రిక ఐదో అధ్యాయం గుర్తొస్తుంది. ఎగ్గొట్టిన కూలి మొరపెడుతుందని, ఆ కేకలు దేవుని చెవిన పడ్డాయని అది చెబుతుంది. నర్సీపట్నం తిరిగొచ్చి చూస్తే చింతపల్లి వైపు ఘాట్ రోడ్డు ఎక్కుతోంది. లంబసింగి మంచు కోసం కార్లు వరసగా పైకి పోతున్నాయి.