రెండు అంకె మీద ఏముంది?

పురిటికొచ్చిన ఆడపిల్లను సారె పెట్టి పంపేసే రోజులు కావివి. మా పెద్దమ్మాయికి 26 వారాల ప్రసూతి సెలవు అయిపోయింది, చంటిది ఇంకా తల్లిపాల మీదే ఉంది. అందుకే రొంపిచెర్లలో మా ఇంట్లోనే కూర్చుని ఇంగ్లండులోని కంప్యూటర్ మీద పని చేస్తోంది. రిమోట్ డెస్క్‌టాప్ అంటారు. అక్కడి తెర ఇక్కడ కనబడుతుంది, ఇక్కడ కొట్టింది అక్కడ పడుతుంది.

పొద్దున లాగిన్ బాగానే అయ్యేది. పాపకు పాలిచ్చి వచ్చేసరికి ఆ తెరకు తాళం పడేది. మళ్లీ అదే పాస్‌వర్డ్ కొడితే తప్పనేది. నాలుగైదుసార్లు తప్పయితే అకౌంటే మూసుకుపోయేది. ఫోన్ చేసి తెరిపించుకునేసరికి గంట గడిచిపోయేది. ఒక్క వారంలో మూడుసార్లయింది. "ఇంట్లో కుదరకపోతే హైదరాబాద్ ఆఫీసుకు వచ్చెయ్" అన్నారట పైవాళ్లు. పసిపిల్ల వల్లే పని చెడుతోందని వాళ్ల లెక్క. ఆ మాట విని పిల్ల కళ్లనీళ్లు పెట్టుకుంది.

"పాస్‌వర్డ్ పక్కన కన్ను బొమ్మ ఉంది కదే, నొక్కి చూడు" అన్నాను.

"అమ్మా, నేను ఎట్ కొట్టాను, ఇక్కడ కోట్స్ పడ్డాయి!"

పెళ్లికి ముందు నరసరావుపేటలో టైపు నేర్చుకున్న చేతులు నావి. మా మిషను మీద రెండు అంకె పైన కోట్సే ఉండేవి. అది చెప్పగానే పిల్లకు విషయం తట్టింది. మనం వాడేది అమెరికా కీబోర్డు, అందులో షిఫ్ట్‌తో 2 నొక్కితే ఎట్ వస్తుంది. బ్రిటన్ కీబోర్డులో అక్కడ ఇప్పటికీ కోట్సే, ఎట్ మాత్రం మన కోట్స్ ఉండేచోట ఉంటుంది.

రిమోట్‌లో మనం నొక్కిన కీ ఏదో అన్నదే అవతలికి వెళ్తుంది. అది ఏ గుర్తో తేల్చేది అక్కడి కంప్యూటరే. పొద్దున పాస్‌వర్డ్ మన ల్యాప్‌టాప్‌లోనే కొడుతుంది కాబట్టి గొడవ లేదు. లోపల పని చేసేటప్పుడూ మన కీబోర్డు లెక్కే నడుస్తోంది. తాళం పడ్డ తెర మీద మాత్రం ఆ కంప్యూటర్ సొంత లెక్క, అంటే బ్రిటన్‌ది. అందుకే ఇన్నాళ్లూ దొరకలేదు.

ఆ తెర మీద కింద కుడి మూలన భాష గుర్తు ఉంటుంది. దాన్ని నొక్కి అమెరికా ఇంగ్లీషు ఎంచుకోగానే తాళం తెరుచుకుంది. తర్వాత అక్కడి సపోర్ట్ వాళ్లకు రాసి, తాళం తెరకు కూడా అదే కీబోర్డు పెట్టించుకుంది.

మీ ఇళ్లల్లోనూ ఇలా పని చేసే కూతుళ్లూ కోడళ్లూ ఉంటారు. సరైన పాస్‌వర్డే తప్పంటుంటే మళ్లీ మళ్లీ కొట్టొద్దని చెప్పండి. ముందు కన్ను బొమ్మ, తర్వాత భాష గుర్తు చూడమనండి. పైవాళ్లకు కూడా కారణం ఇదీ అని రాసి పంపమనండి. మా అమ్మాయి అలాగే పంపింది. ఆఫీసుకు రమ్మన్న మాట మళ్లీ రాలేదు. ఇప్పుడు పాపకు పాలిచ్చేటప్పుడు గడియారం వైపు చూడటం మానేసింది.