రౌతు కొద్దీ గుర్రం

రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ళతో నడుస్తుందని మనవాళ్ళకొక సామెత. బడిపంతుళ్ళ గురించి, కచేరీలో అధికారుల గురించి, కోడళ్ళను అదుపులో పెట్టుకోలేని అత్తగార్ల గురించి ఈ సామెతను నేను కొన్ని వందలసార్లు విని ఉంటాను. చిత్రమేమిటంటే, నాకు వినిపించినవారిలో గుర్రమెక్కినవారు ఒక్కరూ లేరు. నేనూ నలభైనాలుగేళ్ళ వయసు వరకూ ఎక్కలేదు. ఆరునెలల క్రితం హైదరాబాదు శివార్లలోని ఒక స్వారీ శిక్షణశాలలో చేరాను. అప్పటినుంచీ ఈ సామెత నన్ను వదలడం లేదు. ఈ వయసులో ఇదేం పిచ్చి అని నవ్వుకునేవారు నవ్వుకోవచ్చు. నాకేం అభ్యంతరం లేదు. లోలోపల ఇలాంటి కోరికే ఉన్నవారికి మాత్రం నాలుగు మాటలు ఉపయోగపడతాయేమోనని రాస్తున్నాను. దానితోపాటు మా ఇంటి సంగతి కూడా ఒకటి చెప్పవలసి ఉంది.

మొదటిరోజు గుర్రం ఎక్కనివ్వలేదు. దాని దగ్గరకు ఎలా వెళ్ళాలో నేర్పడానికే గంట గడిచింది. గుర్రానికి కళ్ళు తలకు రెండు పక్కలా ఉంటాయి కాబట్టి దాదాపు 350 డిగ్రీల మేర చూడగలదు. నుదుటికి సూటిగా ఎదురుగానూ, తోకకు సరిగ్గా వెనుకనూ కాస్త మేర మాత్రం దానికి కనిపించదు. అక్కడినుంచి హఠాత్తుగా తాకితే బెదురుతుంది. వెనుక నిలబడితే తన్నుతుందని చిన్నప్పుడు అందరమూ విన్నదే. అది పొగరుతో తన్నదనీ, కనిపించనిదానికి భయపడి తన్నుతుందనీ నాకు ఎవరూ చెప్పలేదు. అందుకే ఎడమ భుజం వైపునుంచి, ఏదో ఒకటి మాట్లాడుతూ దగ్గరకు వెళ్ళాలి. ఏం మాట్లాడినా ఫరవాలేదట. నేను ఆవేళ ఎక్కాలు అప్పజెప్పాను. నాకు కేటాయించిన పదిహేడేళ్ళ తెల్లగుర్రం చాందినీ ఒక చెవి నావైపు తిప్పి, ఏడో ఎక్కం మొత్తం శ్రద్ధగా విన్నది.

తరువాత దువ్వడం. ఒంటిమీది దుమ్మూ, ఎండిన చెమటా పూర్తిగా పోకుండా జీను వేస్తే రాపిడికి వీపు పుండవుతుంది. ఆపైన ఒక్కొక్క కాలూ ఎత్తి గిట్ట లోపలి మట్టినీ, రాళ్ళనూ కొంకితో తీయాలి. మడమ వైపునుంచి ముందువైపుకు గీకాలి. నాలుగైదు వందల కిలోల ప్రాణి తన కాలిని మన చేతిలో పెట్టి నిలబడుతుంది. ఎక్కడమూ, పరుగెత్తించడమూ సంగతి అటుంచి, ఆ ఒక్క క్షణం కోసమైనా అందరూ ఒకసారి గుర్రపుసాలకు వెళ్ళిరావాలనిపిస్తుంది నాకు.

ఎక్కడం రెండోరోజున. తలకు శిరస్త్రాణం, కాళ్ళకు కాస్త మడమ ఎత్తున్న బూట్లు తప్పనిసరి. మడమ లేని చెప్పులైతే పాదం రికాబులోంచి అవతలికి జారిపోతుంది. పడినప్పుడు కాలు అందులో ఇరుక్కుంటే గుర్రం మనిషిని ఈడ్చుకుపోతుంది. గుర్రం ఎత్తును నేలనుంచి మూపు వరకూ జానల్లో కాక, బెత్తెడులాంటి కొలతలో కొలుస్తారు. దాన్ని ‘హ్యాండ్’ అంటారు, ఒక్కొక్కటి నాలుగు అంగుళాలు. చాందినీ పదిహేను, అంటే అయిదడుగులు. వినడానికి ఎంతో కాదు. పైన కూర్చుని కిందికి చూసినప్పుడు తెలుస్తుంది అయిదడుగులంటే ఎంతో!

ఎక్కగానే పగ్గాలు అందుకోబోయాను. ఒకప్పుడు సైన్యంలో పనిచేసిన మా శిక్షకుడు వాటిని ముడివేసి గుర్రం మెడమీద పడేశారు. పొడవాటి తాడు ఒకటి తన చేతిలో పట్టుకుని, గుర్రాన్ని తన చుట్టూ వలయంగా నడిపిస్తూ, నన్ను రెండు చేతులూ చాపి కూర్చోమన్నారు. మూడు వారాలు ఇదే వరస. కారణం అడిగితే చాందినీ పెదవి పక్కకు తొలగించి చూపించారు. గుర్రానికి ముందుపళ్ళకూ వెనుక దవడపళ్ళకూ నడుమ పళ్ళు లేని ఖాళీ చోటొకటి ఉంటుంది. కళ్ళెపు ఇనుము కూర్చునేది అక్కడే, ఉత్త చిగురు మీద. తూలినప్పుడల్లా కొత్తవాళ్ళు పగ్గాలు పట్టుకు వేలాడతారు. ఆ బరువంతా ఆ చిగురు మీద పడుతుంది. “ముందు మీ నడుముకు కూర్చోవడం రానివ్వండి. అప్పుడు చేతులకు పని ఇస్తాను” అన్నారు.

కదం, అంటే మామూలు నడక, నాలుగు దరువులది; ఊయలలా ఉంటుంది. దుల్కీ రెండు దరువులది. ముందుకాలూ దానికి ఎదురుమూల వెనుకకాలూ జతగా లేచి జతగా పడతాయి. ఆ కుదుపుకు ఒంట్లో ఎన్ని ఎముకలున్నాయో లెక్క తేలుతుంది. దాన్ని తట్టుకోవడానికి ఒక దరువుకు లేచి, మరుదరువుకు కూర్చోవాలి. గుర్రపు నడకలను సంస్కృతంలో ధారలన్నారు. అమరకోశం అయిదింటిని పేర్కొంటుంది. పేరు పెట్టిన మహానుభావుడెవరో గాని, తప్పకుండా స్వారీ వచ్చినవాడే. లయ దొరకనంతసేపూ అది కుదుపు. దొరికిన క్షణంలో ఎక్కడా తెగని ధార. నాకది నాలుగో నెలలో దొరికింది. అదీ ఒక్క చుట్టు పాటు.

అన్నిటికంటే ఆశ్చర్యం, గుర్రం మాటకంటే ముందు ఒంటిని వింటుంది. వీపుమీద ఈగ వాలితే ఆ మేర చర్మాన్ని మాత్రమే అదిలించగల ప్రాణి అది. నేను ఊపిరి బిగబడితే చెవులు నిక్కబొడుచుకుంటుంది. నిండుగా ఊపిరి వదిలి నడుము బరువు దించితే, పగ్గం లాగకుండానే ఆగుతుంది. ధైర్యం నటిస్తూ ఎంతోమంది ముందు నెగ్గుకొచ్చాను గాని, చాందినీ ముందు ఆ నటన ఒక్కరోజూ సాగలేదు.

రెండోనెలలో ఒకరోజు చాందినీ నడక తేడాగా ఉంది. ముందు ఎడమకాలు మోపీ మోపకుండా నడుస్తోంది. వలయం బయట నిలబడి చూస్తున్న ఒక పెద్దమనిషి, “ఆవిడ మెత్తగా ఉన్నారు, అందుకే అది నాటకాలాడుతోంది, ఒక్కటి తగిలించండి” అని సలహా ఇచ్చారు. మన సామెత సాక్షాత్తూ మనిషి రూపంలో వచ్చి నిలబడినట్టనిపించింది. సాలలో గుర్రాలను చూసుకునే వృద్ధ సైసు ఈలోగా లోపలికొచ్చి, ఏమీ అనకుండా ఆ కాలు ఎత్తి, లాడానికీ గిట్టకూ నడుమ ఇరుక్కున్న గులకరాయిని తీసి నా చేతిలో పెట్టాడు. “మూడు కాళ్ళ మీద నడిస్తే నాలుగోది ఎత్తి చూడాల మేడమ్” అన్నాడు. ఆ రాయి ఇప్పటికీ నా బల్ల మీద ఉంది.

ఇక మా ఇంటి సంగతి.

మా నాన్నగారు రిటైరైన లెక్కల మాస్టారు. డెబ్బయ్యేడేళ్ళు. నేను స్వారీలో చేరానన్నప్పుడు, “నేర్చుకోవడానికి ఇంకేమీ దొరకలేదటమ్మా?” అని ఒక్క మాట అని పేపరు అడ్డుపెట్టుకున్నారు. మొదటి ఆదివారం నేను ఇంట్లో అడుగుపెట్టగానే లేచి బాల్కనీలోకి వెళ్ళిపోయారు. ఆ బట్టలు లోపల విప్పవద్దనీ, బయటి బకెట్లో నానబెట్టమనీ అమ్మచేత చెప్పించారు. గుర్రపు చెమటకు ఒక వాసన ఉంటుంది. ఎండుగడ్డీ, తోలూ, ఉప్పూ కలిసినట్టు. నాకది ఇష్టంగానే తోచింది. ఆయనకెందుకు గిట్టలేదో నాకు తెలియలేదు. తాతయ్య తెనాలి రైల్వేస్టేషను దగ్గర పనిచేసేవారని మాత్రమే మాకు తెలుసు. నేను పుట్టకముందే పోయారు. ఏం పని అని ఎవరమూ అడగలేదు, ఆయనా చెప్పలేదు.

అయిదో నెలలో ఒక రాత్రి చాందినీకి కడుపునొప్పి వచ్చింది. గుర్రం వాంతి చేసుకోలేదు; దాని శరీర నిర్మాణమే అంత. అందుకని కడుపునొప్పి అంటే గుర్రాలు పెంచేవాళ్ళకు హడలు. పడుకుని పొర్లకుండా సైసు దాన్ని నడిపిస్తూ ఉన్నాడు. పశువైద్యుడు వచ్చి ముక్కుగుండా కడుపులోకి గొట్టం వేశాడు. నేను ఇల్లు చేరేసరికి పదకొండు దాటింది. నాన్న మేలుకునే ఉన్నారు. విషయం చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి, “లద్ది వేసిందా?” అని అడిగారు.

నలభయ్యేళ్ళు వర్గసమీకరణాలు చెప్పిన మనిషి నోట ఆ మాట! పేడ అనలేదు. ఆవుకూ గేదెకూ పేడ, గుర్రానికి లద్ది. తెలిసినవాళ్ళు మాత్రమే అనే మాట.

“ఇంకా లేదు నాన్నా” అన్నాను.

“వేస్తే బతుకుతుంది” అని, కాసేపటికి తనంతట తానే మొదలుపెట్టారు. తాతయ్యది జట్కా. గుర్రం పేరు మువ్వ. దాని కోసం రోజూ కుండెడు ఉలవలు ఉడికేవి. ఉలవలు మువ్వకు, ఆ కట్టుతో కాచిన చారు ఇంటిల్లిపాదికీ. (ఈనాడు పెద్ద హోటళ్ళలో ఉలవచారుకు ఉన్న మర్యాద తలుచుకుని మీరు నవ్వుకుంటే నవ్వుకోండి, నాకు మాత్రం ఆ రాత్రి నవ్వు రాలేదు.) తాతయ్య దగ్గర చెర్నకోల ఉండేది గాని, అది మువ్వ ఒంటిమీద పడగా నాన్న చూడలేదట. కర్రను చక్రం ఆకుల మధ్య పెట్టి టకటకలాడించేవారు. ఆ చప్పుడుకే మువ్వ పరుగందుకునేది. బళ్ళో నాన్నను జట్కావాడి కొడుకనేవారు. వాసన వస్తోందని పక్కన కూర్చునేవారు కాదు. చొక్కా ఎంత ఉతుక్కున్నా ఆ వాసన పోయేది కాదని చెప్పారు.

ఆయనకు తొమ్మిదేళ్ళప్పుడు ఒక రాత్రి మువ్వకు కడుపునొప్పి వచ్చింది. తాతయ్యా తనూ వంతులవారీగా తెల్లవార్లూ దాన్ని నడిపించారు. తాడు పట్టుకుని నడుస్తూ నడుస్తూనే నిద్రపోయేవాణ్ణన్నారు. తెల్లవారేసరికి మువ్వ పోయింది. మరో గుర్రం కొనడానికి డబ్బు లేదు. ఆ ఏడే తాతయ్య రిక్షా అద్దెకు తీసుకున్నారు. “అన్నాళ్ళూ గుర్రం లాగిన బరువు ఆ తర్వాత ఆయన లాగాడమ్మా” అని ఊరుకున్నారు.

అరవైఎనిమిదేళ్ళుగా ఆయన దాచుకున్నది సిగ్గు ఒక్కటే అయ్యుంటే ఏదో ఒకటి చెప్పి ఓదార్చగలిగేదాన్ని. దుఃఖమూ కలిసి ఉంది. ఏమనాలో తెలియక మంచినీళ్ళు తెచ్చిచ్చాను. తెల్లవారుజామున ఫోను మోగింది. నేను తీసేలోపే నాన్న గది తలుపు తెరుచుకుంది. చాందినీ లద్ది వేసిందని సైసు చెప్పాడు. నాన్న తల ఊపి, మళ్ళీ తలుపు వేసుకున్నారు.

మన కథల్లో గుర్రాలసాలకు గౌరవం తక్కువేమీ కాదు. అజ్ఞాతవాసంలో నకులుడు విరాటుని గుర్రాలను సాకాడు. నలుడు బాహుకుడై రథం తోలాడు, ఆయనకు అశ్వహృదయమనే విద్య వచ్చునంటారు. అయితే వాళ్ళకది కొంతకాలపు మారువేషం, ముగిశాక కిరీటాలున్నాయి. తాతయ్యది మారువేషం కాదు. వంశం మొత్తంలో అశ్వహృదయం తెలిసిన మనిషి ఆయనొక్కరే కాగా, ఆయన మనవరాలు డబ్బు కట్టి మొదటి పాఠం నుంచి నేర్చుకుంటోంది. ఇప్పుడు నేను అరగంట ముందే వెళుతున్నాను. దువ్వడం, గిట్టలు శుభ్రం చేయడం సైసుకు వదిలేయకుండా నేనే చేసుకుంటున్నాను. జీతమిచ్చి చేయించుకోదగ్గ పని అది కాదేమోనని నాకు తోచింది.

మీలో ఎవరైనా చేరదలిస్తే ఒక్క సలహా. రుసుము సంగతి అడిగేముందు గుర్రాలసాల చూపించమనండి. వీపుల మీద పుండ్లు, నోటి మూలల్లో ఒరుపులు ఉన్నాయేమో చూడండి. తొట్టిలో నీళ్ళు శుభ్రంగా ఉన్నాయా, గిట్టలు పగిలి ఉన్నాయా చూడండి. మీ బరువెంతో వాళ్ళు అడుగుతారా లేదా గమనించండి. మనిషీ జీనూ కలిపి గుర్రం బరువులో అయిదోవంతు మించకూడదని సాధారణంగా పాటించే లెక్క. అడగనివాళ్ళు ఆ లెక్క చూడరన్నమాట. సాయంత్రానికి తొడలు పట్టేస్తాయి, మెట్లు దిగడం కష్టమవుతుంది. దానికి మందు మరుసటి వారం మళ్ళీ ఎక్కడమే.

వచ్చేనెలనుంచి మూడు దరువుల పరుగు మొదలుపెడతామన్నారు. నాన్న ఇంతవరకూ శిక్షణశాలకు రాలేదు, నేను రమ్మనలేదు. బట్టలు ఇప్పటికీ బయటి బకెట్లోనే నానుతున్నాయి. కాకపోతే ఆదివారం ఉదయం నేను బూట్లు తొడుక్కుంటుంటే పేపరు వెనుకనుంచి ఏదో ఒక ప్రశ్న వస్తోంది. మొన్నటిది ఇది: “పట్టీ బిగించేటప్పుడు పొట్ట ఉబ్బిస్తుంది, దొంగముండ. నాలుగడుగులు నడిపించి మళ్ళీ బిగిస్తున్నావా?”

బిగిస్తున్నానని చెప్పాను.