తోలు మీద వెలుగు

మదనపల్లె, జనవరి 6, 2025

పుంగనూరు చెప్పుల అంగడాయన ఇచ్చిన సరుకుకు ఇవాళ ఫొటోలు తీయడం మొదలుపెట్టాను. ఆన్‌లైన్‌లో అమ్మాలని ఆయన పట్టుదల. అమెజాన్‌లో మొదటి ఫొటోకు నియమాలు గట్టివి. వెనక అచ్చమైన తెలుపు, అంటే ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడూ 255 ఉండాలి. ఫ్రేములో 85 శాతం వస్తువే నిండాలి. బూటైతే జతలో ఒక్కటే, ఎడమవైపు తిరిగి 45 డిగ్రీల వాలులో. ఈ నియమాలు నాకు ఇష్టమే. వెనక ఏమీ లేకపోతే వంకర కుట్టు దాక్కోడానికి చోటుండదు.

తెలుపు మీద తెల్ల బూటే కష్టం. అంచులు వెనక షీటులో కలిసిపోతాయి. ఫ్రేములో పడకుండా రెండు పక్కలా నల్ల చార్టులు నిలబెట్టాను. ఆ నలుపు అంచుల్లో సన్నగా ప్రతిఫలించి బూటు ఆకారం తేలింది. షీటుకు వేరే లైటు, బూటుకు వేరే లైటు. షీటుకూ బూటుకూ మధ్య దూరం చాలకపోతే వెనక తెలుపు ముందుకు కమ్మి అంచుల్ని తినేస్తుంది.

జనవరి 7

నల్ల పాలిష్ బూట్లు. నీరుగట్టువారిపల్లె పట్టుచీరల జరీని ఫొటో తీసినవాళ్లకు ఈ చిక్కు తెలుసు. మెరిసేదాన్ని తీయడమంటే అందులో కనబడేదాన్ని తీయడమే. చిన్న లైటు నేరుగా వేస్తే ముక్కు మీద తెల్ల చుక్క, మిగతాదంతా చీకటి. చట్రానికి బటర్ పేపర్ బిగించి దాని వెనక నుంచి లైటు వేశాను. ముక్కు నుంచి మడమ దాకా ఒకే మెరుపు పట్టీ వచ్చింది. లైటును కాగితం ఒక చివరకు జరిపితే ఆ పట్టీ మెల్లగా నలుపులోకి కరిగింది. నలుపుకు నిండుదనం వచ్చేది అక్కడే.

పుంగనూరు, జనవరి 10

అంగట్లో ట్యూబులైటు, పసుపు బల్బు రెండూ వెలుగుతున్నాయి. రెండు రంగుల వెలుగు కలిస్తే గోధుమరంగు తోలు ఒకవైపు పచ్చగా, ఒకవైపు ఎర్రగా పడుతుంది. రెండూ ఆర్పించి, కిటికీ వెలుగులో బూడిదరంగు కార్డు పెట్టి రంగు సరిచూశాను.

"అన్నా, ఈ రెగ్జిన్ మెట్లు తోలు మాదిరి రావల్ల" అన్నాడాయన. మెట్లంటే ఇక్కడ చెప్పులే.

కుదరదన్నాను. పక్క నుంచి కిందుగా వెలుగు వేస్తే సహజమైన తోలు రంధ్రాలు ఒకదానికొకటి పొంతన లేకుండా కనబడతాయి. రెగ్జిన్ మీద అచ్చు వేసిన గీతలు మళ్లీ మళ్లీ అవే వస్తాయి. ఎదురుగా మెత్తటి వెలుగు పరిచేస్తే ఆ తేడా చెరిగిపోతుంది. ఆ వెలుగు వేయడం నాకు చేతనవును, వేయను. కొనేవాడు చేత్తో తడిమి చూడలేడు, నా ఫొటో ఒక్కటే అతనికి ఆధారం. కాసేపు ఆలోచించి, "సరేలే, రెగ్జిననే రాస్తాం" అన్నాడు. ఆ మాటకు ఆయన మీద గౌరవం పెరిగింది.

కుప్పం, జనవరి 18

ఇక్కడ చేత్తో మెట్లు కుట్టే పెద్దాయన ఉన్నాడు. తోలు సరిహద్దు అవతల వాణియంబాడి నుంచి తెస్తాడు. తెల్ల షీటు మీద మొదటి ఫొటోలు అయ్యాక, రెండో వరసకు వెనక ఏం పెట్టాలా అని చూశాను. కుప్పం గ్రీన్ గ్రానైట్ ఊరి పేరుతోనే అమ్ముడవుతుంది, దాని ముక్కే తెప్పించాను. పాలిష్ చేసిన వైపు మెట్ల నీడబొమ్మ పడి కన్ను చెదిరింది. తిరగేసి గరుకు వైపు పెట్టాను. ముదురు పచ్చ మీద గోధుమరంగు తోలు, మైనం పట్టించిన దారం విడివిడిగా కనబడ్డాయి. పెద్దాయన అట్ట కింది కుట్టు కూడా తీయమన్నాడు. తీశాను.

నల్ల మెట్లకు మాత్రం ఈ రాయి పనికిరాదు. వాటికి లేత బూడిదరంగు కాగితమే సరి.