కొరియా సీరియల్ చూస్తూ కొరియా భాష!

మధ్యాహ్నం వంటిల్లు సర్దుకుని టీవీ ముందు కూర్చున్నామంటే చాలు, "మళ్ళీ మొదలెట్టావా సీరియలు!" అనే మాట ఏదో గదిలోంచి వినపడుతుంది. మీ ఇంట్లో వినపడదంటే మీరు అదృష్టవంతులే! కానీ ఆ సీరియలే పరాయి భాష నేర్పే బడి అవుతుందనీ, ఆ నాలుగు మాటలూ పట్టుకుని తెలియని దేశంలో ఒక్కరే బజారుకెళ్ళి బేరమాడి రావచ్చనీ అంటే నమ్ముతారా? నమ్మండి. కొరియా రాజధాని సియోల్‌లో రెండున్నర నెలలు ఉండి వచ్చినదాన్ని చెబుతున్నాను.

మా అమ్మాయీ అల్లుడూ అక్కడ ఉద్యోగం చేస్తున్నారు. పురిటికి నేను వెళ్ళాల్సి వచ్చింది. అమెరికా అయితే వచ్చీరాని ఇంగ్లీషుతో నెట్టుకురావచ్చు. సియోల్‌లో పెద్ద దుకాణాల్లో, మెట్రో రైళ్ళలో ఇంగ్లీషు ఉంటుందిగానీ వీధి చివర కూరలమ్మే ముసలావిడకు, పక్కింటి అవ్వకు ఇంగ్లీషు ఎక్కడినుంచి వస్తుంది చెప్పండి? అల్లుడు ఆఫీసుకెళ్ళాక పచ్చి బాలింతను, చంటిపిల్లను పెట్టుకుని ఏ అవసరం వచ్చినా నేను నోరు విప్పకపోతే ఎలా? సాయానికని వెళ్ళి వాళ్ళకే బరువు కాకూడదు కదా! అందుకే అంతకుముందు కాలక్షేపానికి చూసే కొరియా సీరియళ్ళను, ప్రయాణానికి ఆరు నెలల ముందునుంచి పాఠాల్లా చూడటం మొదలెట్టాను.

వాక్యం మనదే, మాటలే వేరు

చెబితే ఆశ్చర్యపోతారు. మన తెలుగువాళ్ళకు ఇంగ్లీషుకన్నా కొరియా భాష వాక్యం తేలిగ్గా పట్టుబడుతుంది. ఇంగ్లీషులో క్రియ మధ్యలో వచ్చి కూర్చుంటుంది. కొరియాలో మనలాగే చివర. 'జిబే గాయో' అంటే 'ఇంటికి వెళ్తున్నాను'. 'జిప్' అంటే ఇల్లు, దాని చివర 'ఎ' మన 'కి'. మనం విభక్తి తగిలించినట్టే వాళ్ళూ మాట చివర తగిలిస్తారు.

ఇంకో చిత్రం చూడండి. 'జుసెయో' అంటే 'ఇవ్వండి'. ఈ ఒక్క మాట వస్తే సగం బజారు గడిచిపోతుంది. 'సా జుసెయో' అంటే 'కట్టి ఇవ్వండి'. 'గోగీ పె జుసెయో' అంటే 'మాంసం తీసేసి ఇవ్వండి'. 'కక్కా జుసెయో' అంటే... మనకు అన్నిటికన్నా కావలసిన మాట, 'తగ్గించి ఇవ్వండి'! మాటకు మాట పెట్టుకుంటూ పోతే తెలుగు వాక్యమే.

అమ్మను 'ఒమ్మా' అనీ, నాన్నను 'అప్పా' అనీ పిలవడం విని ఇది మన దక్షిణాది భాషలకు చుట్టమేమో అనిపిస్తుంది. హల్బర్ట్ అనే అమెరికా ఆయన 1905లోనే కొరియా భాషనూ ద్రావిడ భాషలనూ పోలుస్తూ ఒక పుస్తకం వేశాడు. నేటి భాషా పండితులు మాత్రం ఆ చుట్టరికాన్ని ఒప్పుకోరు. చుట్టరికం లేకపోతేనేం, ఇరుగుపొరుగులా పోలిక ఉంది, మనకది చాలు!

వరసలూ, మర్యాదలూ

నేను ఎక్కువగా చూసింది 'రిప్లై 1988'. 2015 నవంబరు నుంచి 2016 జనవరి దాకా 20 భాగాలుగా వచ్చింది. సియోల్‌లోనే ఉత్తరం వైపు ఉన్న సాంగ్‌మున్ దోంగ్ అనే పేటలో, ఒకే సందులో ఉన్న అయిదు కుటుంబాల కథ. ఒకింట్లో కూర చేస్తే గిన్నెలో పెట్టి పిల్లల చేత పక్కింటికి పంపుతారు. ఆ గిన్నె ఖాళీగా తిరిగిరాదు. ఇదెక్కడో చూసినట్టు లేదూ?

ఇంగ్లీషులో ఎవరైనా 'ఆంటీ'నే. కొరియాలో అమ్మ తోబుట్టువు 'ఇమో', నాన్న తోబుట్టువు 'కోమో'. మన పిన్ని, మేనత్త అన్నమాట! హోటల్లో వడ్డించే ఆవిడను కూడా చనువుగా 'ఇమో' అని పిలుస్తారు. పెళ్ళయి పిల్లలున్న ఆవిడను మనం 'బుజ్జి వాళ్ళమ్మ' అన్నట్టే, బిడ్డ పేరు చెప్పి 'ఒమ్మా' చేరుస్తారు. అన్నయ్యను చెల్లెలు 'ఒప్పా' అంటుంది. అయితే ప్రేమించిన అబ్బాయినీ, ఒక్కోసారి కట్టుకున్నవాడినీ ఆ మాటతోనే పిలుస్తారు. సీరియల్లో మొదటిసారి విని కంగారుపడకండి. దాన్ని మన 'అన్నయ్య'కూ 'బావ'కూ మధ్యలో ఎక్కడో పెట్టుకోవాలి!

పలకరింపు కూడా మనదే. 'బాప్ మొగొస్సొయో?' అంటే 'అన్నం తిన్నారా?' పెద్దవాళ్ళనైతే 'బాప్' అనరు, 'జింజీ' అంటారు. మనం పిల్లలను 'అన్నం తిన్నావా' అనీ, పెద్దలను 'భోజనం చేశారా' అనీ అడగమూ? అలాగే క్రియ చివర 'యో' చేరిస్తే మన 'అండి' పెట్టినట్టు. సీరియళ్ళలో స్నేహితులూ, ప్రేమికులూ 'యో' లేకుండానే మాట్లాడుకుంటారు. అవే పట్టుకెళ్ళి పెద్దావిడ దగ్గర అంటే 'నువ్వు' అన్నట్టే. అందుకే విన్న ప్రతి మాటకూ ఎవరు ఎవరితో అన్నారో గమనించుకోవాలి.

అక్షరాలు దిద్దాల్సిందే

చెవితో ఎంత నేర్చినా బోర్డులు చదవాలంటే అక్షరాలు రావాలి. కొరియా లిపిని సెజోంగ్ రాజు 1443లో తయారుచేయించి, 1446లో ప్రజలకిచ్చాడు. మూలాక్షరాలు 24 మాత్రమే. హల్లూ అచ్చూ కలిపి ఒకే గడిలో పేరుస్తారు. గుణింతాలు, ఒత్తులు దిద్దిన మనకు అదేం కొత్త కాదు. రోజుకు అరగంట చొప్పున రెండు మూడు వారాలు దిద్దితే చదవడం వచ్చేస్తుంది. సియోల్ నడిబొడ్డున గ్వాంగ్‌హ్వామున్ కూడలిలో సెజోంగ్ పెద్ద విగ్రహం ఉంది. దాని కింద నేలమాళిగలో ఈ లిపి కథంతా చూపే ప్రదర్శనశాల ఉంది. అక్కడినుంచి నాలుగడుగులు వేస్తే 1395లో కట్టిన గ్యొంగ్‌బొక్ రాజప్రాసాదం. వాళ్ళ సంప్రదాయ దుస్తులు 'హన్‌బొక్' వేసుకుని వెళితే టిక్కెట్టు ఉండదు. వీధిలోనే అద్దెకిస్తారు.

ఈ రాజభవనాల వంటశాల కథే 'డే జాంగ్ గుమ్' సీరియల్. 2003, 2004ల్లో 54 భాగాలు వచ్చింది. వంటలంటే ఇష్టమున్నవాళ్ళు తప్పక చూడాలి. అయితే భాషకు మాత్రం అది పనికిరాదండోయ్! పౌరాణిక సినిమాలు చూసి తెలుగు నేర్చుకున్నవాడు రైతుబజారుకెళ్ళి "ఏమోయీ, ఈ వంకాయల వెల యెంత?" అన్నట్టుంటుంది.

గ్వాంగ్‌జాంగ్ బజార్లో పెసలు

1905లో పుట్టిన గ్వాంగ్‌జాంగ్ మార్కెట్‌కు మెట్రోలో జోంగ్నో ఓగా స్టేషన్‌లో దిగాలి. పై అంతస్తులో పట్టుబట్టలు, పరుపులు, దుప్పట్లు. కింద తిండి అంగళ్ళు. అక్కడ తిరగళ్ళు తిరుగుతుంటే దగ్గరికెళ్ళి చూద్దును కదా, నానబోసిన పెసరపప్పు! దాన్ని రుబ్బి, మొలకలూ కిమ్చీ కలిపి, నూనెలో మందంగా వేయించి తీస్తారు. దాని పేరు 'బిందెత్తొక్'. మన పెసరట్టుకు లావుపాటి చెల్లెలనుకోండి. సాధారణంగా అందులో పంది మాంసం కలుపుతారు. కిమ్చీలో కూడా చేపల రసమో, ఉప్పు రొయ్యలో ఉంటాయి. కాబట్టి శాకాహారులు అడగందే నోట పెట్టకండి. 'జొనున్ గోగిరుల్ ఆన్ మొగొయో', అంటే 'నేను మాంసం తినను', ఈ ఒక్క వాక్యం మాత్రం కంఠస్థం చేసుకుని వెళ్ళండి. చేపల సంగతి విడిగా అడగాలి.

నేను అట్టు తినలేదుగానీ పెసలు కొన్నాను. అక్కడ వాటిని 'నొక్తూ' అంటారు. ధర విని 'కక్కా జుసెయో' అన్నాను. అమ్మే ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, నవ్వి, ధర తగ్గించలేదుగానీ ఇంకో గుప్పెడు పోసింది. కొసరు ఏ దేశంలోనైనా కొసరే!

పక్కింటి అవ్వ

అమ్మాయి పాపను ఎత్తుకుని ఆసుపత్రినుంచి ఇంటికి వచ్చిన రెండో రోజున పక్కింటి 'హల్‌మొనీ', అంటే అవ్వ, మూతపెట్టిన గిన్నె తెచ్చింది. 'మియొక్ గుక్' అనే సముద్రపు నాచు పులుసు. అక్కడ బాలింతకు అదే పథ్యం. గుమ్మం దాటి లోపలికి రాలేదు. 'సామ్ చిల్', అంటే మూడేడులు ఇరవై ఒక్క రోజులు గడవాలట. పురుడొచ్చిన ఇంట్లోకి పైవాళ్ళు రాకూడదని వాళ్ళకూ పాతకాలం ఆచారం ఉంది. మన పురిటి రోజుల పట్టింపులు గుర్తొచ్చి నవ్వొచ్చింది.

పులుసులో గొడ్డుమాంసం వేస్తారని నాకు తెలుసు. మాంసం తినమని మెల్లగా చెప్పాను. ఆవిడ ఏమీ అనుకోలేదు. మర్నాడు నువ్వులనూనెతో ఉత్త నాచు వేసి కాచి మళ్ళీ తెచ్చింది. గిన్నె ఖాళీగా ఇవ్వకూడదు కదా! నేను పెసరట్లు వేసి పెట్టిచ్చాను. ఒక ముక్క తుంచుకుని "నొక్తూ!" అంది, ఎంత సంబరమో.

కొరియావాళ్ళు 'నా ఇల్లు', 'నా అమ్మ' అనరు. 'ఉరీ జిప్', 'ఉరీ ఒమ్మా' అంటారు. మనలాగే 'మా ఇల్లు, మా అమ్మ'. ఆఖరికి భర్త కూడా 'ఉరీ నంప్యొన్', మన 'మా ఆయన'! అయితే మనకు 'మా' వేరు, 'మన' వేరు. వాళ్ళకు రెండింటికీ 'ఉరీ' ఒక్కటే. ఇరవై రెండో రోజున అవ్వ లోపలికి వచ్చి పాపను ఒళ్ళో పెట్టుకుని 'ఉరీ ఆగీ' అంది. ఆ మాట 'మన పాప' అనే వినపడింది నాకు. ఊరుగాని ఊళ్ళో నా కూతురికి ఒక పెద్దదిక్కు ఉందన్న ధైర్యంతో తిరిగొచ్చాను.

మీరూ మొదలుపెట్టాలంటే

* ఇళ్ళ మధ్య జరిగే కథలు ఎంచుకోండి. కొన్ని కొరియా సీరియళ్ళు ఇప్పుడు తెలుగు డబ్బింగుతోనూ వస్తున్నాయి. ముందు తెలుగులో కథ తెలుసుకుని, తరవాత అదే భాగం కొరియాలో చూడండి. ఊరికే చూస్తూపోతే కథ వస్తుందిగానీ భాష రాదు.

* పాలలెక్క పుస్తకంలాంటిది ఒకటి పెట్టుకోండి. రోజుకు అయిదు వాక్యాలు చాలు. మాటలు విడివిడిగా కాదు, వాక్యం మొత్తం రాయండి.

* సీరియల్ ఆపి, పైకి అనండి. 'దాల్' అంటే చందమామ, 'తాల్' అంటే ముసుగు, 'త్తాల్' అంటే కూతురు. గట్టిగా పలికితేగానీ తేడా తెలియదు.

* కొరియా వెళ్ళే పని లేదంటారా? పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019 నుంచి కియా కార్ల ఫ్యాక్టరీ నడుస్తోంది. ఆ చుట్టుపక్కల కొరియావాళ్ళు కాపురముంటున్నారు, వాళ్ళ హోటళ్ళూ వెలిశాయి. పిల్లలకో, మీకో ఈ భాష ఎప్పుడు అక్కరకొస్తుందో ఎవరికి తెలుసు?

ఇక రేపు మధ్యాహ్నం "మళ్ళీ మొదలెట్టావా!" అని వినపడితే "ఆఁ, పాఠం జరుగుతోంది" అని చెప్పండి. పక్కన నోటుపుస్తకం, పెన్నూ మాత్రం మరిచిపోకండేం!